మా ఊళ్ళో హోటలెక్కడండీ?

బెంగళూరులో నాకు చదువు వల్ల వచ్చిన పేరు లేదు. ఉద్యోగం వల్ల వచ్చింది అంతకన్నా లేదు. ఉన్న కాస్త పేరూ హోటళ్ళ వల్ల వచ్చిందే. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో ఎక్కడ ఏం తినాలో చెప్పే మనిషిగా చలామణీ అవుతున్నాను. సోమవారం మావళ్ళి టిఫిన్ రూమ్స్‌కి సెలవు. శుక్రవారం విద్యార్థి భవన్‌కి సెలవు. శంకరపురం బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌లో సాంబారు అడక్కూడదు, అక్కడ చట్నీయే సర్వస్వం. మల్లేశ్వరం సీటీఆర్‌లో బెన్నె దోసె తినాలంటే ముందు పక్కవాడి దోసె చూస్తూ అరగంట నిలబడే యోగం జాతకంలో ఉండాలి. ఇలా పంచాంగం చెప్పినట్టు తిథి వార నక్షత్రాలతో సహా చెబుతాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఆఫీసు ఇచ్చిన కాగితాల మీద సంతకాలు పెట్టకముందే నా సీటు దగ్గరికి వస్తారు.

అలాంటి నా దగ్గరికి ఓ మధ్యాహ్నం మా బాసు వచ్చారు.

"ఏన్రీ, మీది కాకినాడే కదా? మన టీము కుర్రాడి పెళ్ళి అక్కడే. నలుగురం వస్తున్నాం, మూడు రోజులు. పెద్ద హోటళ్ళు వద్దు. ఊరివాళ్ళు తినే హోటళ్ళ లిస్టొకటి రాసివ్వండి."

"దానికేం భాగ్యం సార్" అన్నాను. కాగితం తీశాను. పైన 'కాకినాడలో మంచి హోటళ్ళు' అని రాసి, కింద రెండు గీతలు గీశాను. సాయంత్రం ఆరింటికి కూడా ఆ కాగితం మీద ఆ రెండు గీతలే ఉన్నాయి.

పుట్టి పెరిగింది కాకినాడలో. పద్దెనిమిదేళ్ళు అక్కడే తిన్నాను, అదీ తక్కువేం తినలేదు. అయినా హోటలు పేరు ఒక్కటంటే ఒక్కటి తట్టదే!

తర్వాత ఆలోచిస్తే తెలిసింది, తప్పు నాది కాదు, మా వంశానిది. మా ఇంటి ధర్మశాస్త్రం ప్రకారం హోటలనేది ముగ్గురి కోసం: పెళ్ళాం పుట్టింటికి వెళ్ళినవాడు, కోర్టు వాయిదాకి ఊళ్ళోకి వచ్చినవాడు, పెద్దాసుపత్రిలో రోగికి తోడు కూర్చున్నవాడు. ఈ మూడు కష్టాల్లో ఏదీ లేకుండా హోటల్లో కనిపించాడంటే వాడింట్లో ఏదో గొడవ ఉందని అర్థం. అసలు మా గోదావరి సీమలో తిండి పేరు చెబితే చేతులెత్తి మొక్కేది హోటలు యజమానికి కాదు, లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారికి. దారిన పోయేవాళ్ళని ఆపి ఉచితంగా అన్నం పెట్టిన తల్లి. ఆవిడ పోయింది 1909లో. 2024లో ఆంధ్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టింది. ఆవిడ ఇలాకాలో పుట్టి, డబ్బిచ్చి అన్నం తిన్నానని చెప్పుకోవడానికి ఎవడికి మాత్రం ముఖం చెల్లుతుంది?

అయితే ఒక్కసారి హోటలుకి వెళ్ళిన మాట నిజం. తొమ్మిదో తరగతిలో. ట్యూషను ఫీజులో మిగిల్చిన చిల్లరతో సినిమా రోడ్డు పక్క సందులో ఓ చిన్న హోటల్లోకి దూరి, గోడకేసి తిరిగి కూర్చుని పెసరట్టు చెప్పాను. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. హోటలు నూనె విషమనీ, అది తాగిన కడుపు ముప్ఫై ఏళ్ళకే మూలపడుతుందనీ రోజూ రాత్రి భోజనాల దగ్గర ప్రవచనం చెప్పేవారు. ఆ ప్రవచనం చెవుల్లో మోగుతుండగానే మొదటి ముక్క అల్లప్పచ్చట్లో ముంచాను. సరిగ్గా అప్పుడే చెక్క తడిక అవతల నుంచి వినిపించింది. "ఒరేయ్, ఉప్మా కాస్త దండిగా పెట్టు. నెయ్యి మొహమాటపడకు."

ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతే కదా నూనె విషమన్నది!

"గుమాస్తాగారికి రోజూ పెట్టేదేగా" అన్నాడు సర్వరు.

పారిపోదామంటే డబ్బులు కట్టే బల్ల తడిక అవతలే ఉంది. చేతులు కడుక్కునే చోట ఇద్దరం ఎదురుపడ్డాం. నాన్న నావైపు చూశారు. నేను నాన్నవైపు చూశాను. ఇద్దరి మూతులకీ పెసరపిండే. ఆయనేమీ అనలేదు. రెండు బిల్లులూ ఆయనే కట్టారు. బయటికొచ్చి బడ్డీ కొట్లో సోంపు కొని సగం నా చేతిలో పోశారు. "అమ్మ అడిగితే లైబ్రరీ" అన్నారు. రాత్రి ఇద్దరం చెరో పిడికెడు అన్నం కెలుకుతుంటే అమ్మ మా ముఖాలు చూసి ఊరుకుంది. మర్నాడు పొద్దున ఇంట్లో పెసరట్టు వేసింది. అడక్కుండానే ఉప్మా పెట్టింది, అదీ దండిగా.

ఇంత చెప్పుకొచ్చినా ఆ హోటలు పేరు చెప్పలేను. దానికి పేరున్నట్టే గుర్తులేదు.

బెంగళూరు హోటళ్ళు నాకు నేర్పింది ఆకలి. 1999లో వచ్చి దిగినప్పుడు పేయింగ్ గెస్టు గదిలో వారానికి ఐదు రోజులు ఉప్మా, మిగతా రెండు రోజులు దాని జ్ఞాపకం. గతిలేక ఊరు తిరగడం మొదలెట్టాను. తిరిగినకొద్దీ ఈ ఊళ్ళో ప్రతి ఇడ్లీకీ ఓ చరిత్ర ఉందని తెలిసింది. మావళ్ళి టిఫిన్ రూమ్స్ 1924 నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యానికి కటకట వస్తే గోధుమ రవ్వతో ఇడ్లీ చేసి చూశామనీ, రవ్వ ఇడ్లీ అలా పుట్టిందనీ వాళ్ళు చెబుతారు. హిట్లరు వల్ల మానవాళికి జరిగిన మేలు ఇదొక్కటే అయి ఉంటుంది. గాంధీ బజారులో విద్యార్థి భవన్ 1943లో బడిపిల్లల కోసం పెట్టింది. ఇప్పుడక్కడ క్యూలో నిలబడేవాళ్ళని చూస్తే ఆ పిల్లలే ఇంకా పాసవలేదనిపిస్తుంది. దర్శినులు మొదలైంది 1983లో, జయనగర్‌లో. కుర్చీ లేని హోటలు. నిలబడి నాలుగు నిమిషాల్లో తిని, ఐదో నిమిషంలో రోడ్డు మీద ఉండాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు కుర్చీ ఎక్కడని అడిగాను. పక్కనున్న పెద్దాయన, పసిపిల్లాణ్ణి చూసినట్టు జాలిగా చూశాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, 'ఆంధ్రా స్టైల్' హోటళ్ళు ఒక ఎత్తు. రెసిడెన్సీ రోడ్డు నాగార్జున మొదలుకొని ఊరంతా అరిటాకులే. ఇంటి బెంగతో వెళ్ళాను. పప్పు, కందిపొడి, నెయ్యి, గోంగూర వరసగా ఆకు మీదికి వచ్చాయి. కళ్ళు చెమర్చాయి. తర్వాత 'ఆంధ్రా చిల్లీ చికెన్' అని పచ్చగా ఒకటి తెచ్చి పెట్టారు. నిజం చెప్పాలంటే అద్భుతంగా ఉంది. కానీ ఈ పదార్థాన్ని ఉభయ గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లోనూ నేను చూడలేదు. పక్కన కూర్చున్న కన్నడిగుడు ముక్కు తుడుచుకుంటూ, "మీరు రోజూ ఇదే తింటారు కదా!" అని గౌరవంగా అడిగాడు. జాతి పరువు సమస్య. "పసిపిల్లలకి పాలలో కలిపి పడతాం" అన్నాను. అప్పటి నుంచీ ఆయన ఆంధ్రులంటే భయభక్తులతో ఉంటున్నాడు.

మా బాసుది కుందాపుర. అదీ సముద్రం పక్క ఊరే, మనకి తూర్పున ఉన్న సముద్రం వాళ్ళకి పడమట. ఘీ రోస్ట్ పుట్టిన ఊరు. ఉడుపి హోటళ్ళు బయల్దేరింది ఆ తీరం నుంచే. మావళ్ళి టిఫిన్ రూమ్స్ పెట్టిన మైయాలదీ ఆ ప్రాంతమే. అంటే వాళ్ళ తీరం బెంగళూరుకి వంటవాళ్ళని పంపింది. మా తీరం తినేవాళ్ళని పంపింది, తిని వంక పెట్టేవాళ్ళని కూడా. అలాంటాయన అడిగితే కాగితం ఖాళీగా ఇవ్వలేను కదా. ఫోను అందుకున్నాను.

మొదట మా మేనత్తకి చేశాను.

"అత్తయ్యా, మనూళ్ళో మంచి హోటలేదే?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "ఏరా అబ్బాయ్, మేమందరం పోయామని ఎవరైనా చెప్పారా నీకు?" అంది. ఆవిడ గొంతు జీరబోయింది. ఆవిణ్ణి ఓదార్చడానికి పావుగంట పట్టింది.

తర్వాత బావకి చేశాను. అత్తయ్య కొడుకు, ఊరంతా తిరిగే మనిషి.

"మసీదు సెంటరు దాటాక ఎడంపక్క సందులో ఉంది బావా, దిబ్బరొట్టె వేస్తారు. బోర్డుండదు. ముందు గేదెను కట్టేసి ఉంటుంది, అదే గుర్తు."

"గేదె లేకపోతే?"

"అయితే ఇంకా తెరవలేదన్నమాట."

ఈ లెక్కన కాదని ఫోనులో మ్యాపు తెరిచి వెతికాను. మండీలు, పిజ్జాలు, అన్నిటికీ నాలుగు చుక్కలు. వాటి మధ్య మెరుస్తూ ఒకటి కనిపించింది: 'బెంగళూరు అయ్యంగార్ బేకరీ'. ఇదో చిత్రం. బెంగళూరులో తిండికి ఆంధ్రా బోర్డు పెడితేనే బేరం, ఆంధ్రలో బన్నుకి బెంగళూరు బోర్డు పెడితేనే బేరం. తమాషా ఏమిటంటే ఈ బేకరీలు నడిపేవాళ్ళలో చాలామందిది బెంగళూరు కూడా కాదు, హాసన్ జిల్లా.

చివరికి మూడు పేర్లు రాసుకున్నాను. సుబ్బయ్యగారి హోటలు, కాజాల కొట్టు, గేదె.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బెంగళూరులో ఎక్కితే తిరుపతి మీదుగా మర్నాటికి కాకినాడలో దింపుతుంది. స్టేషన్లో బావ ఉన్నాడు. "బసకి వెళ్ళి స్నానాలు చేసి, హోటలుకి వెళదాం" అన్నారు బాసు. బావ నవ్వి సామాను అందుకున్నాడు. ఆటో తిన్నగా అత్తయ్య ఇంటి ముందు ఆగింది. దీన్ని చట్టంలో అపహరణ అంటారు. మా వైపు మర్యాద అంటారు.

లోపల నలుగురికీ ఆకులు వేసి ఉన్నాయి. వేళ ఉదయం పదకొండు. పనసపొట్టు కూర, కొబ్బరికాయ పచ్చడి, ముద్దపప్పు, పులుసు అలా వస్తూనే ఉన్నాయి. మూడో వాయి అన్నానికి బాసు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి "సాకు, సాకు" అన్నారు. కన్నడంలో 'చాలు' అని. అత్తయ్యకి కన్నడం తెలియదు.

"సాకులు చెప్పకండి బాబూ" అని రెండు గరిటెలు వేసింది.

ఆయన కంగారుగా మళ్ళీ "సాకు అమ్మా, సాకు!" అన్నారు. "అదుగో, మళ్ళీ సాకే!" అని ఇంకోటి వేసింది. ఆ పూట ఆయన ఎన్నిసార్లు చాలన్నారో అన్ని గరిటెలు తిన్నారు.

రాత్రికి ఆయన జాగ్రత్తపడ్డారు. మేం పెళ్ళివారింటికి వెళ్ళొచ్చేసరికి అత్తయ్య మంచం మీద నడుం వాల్చి ఉంది. పెద్దావిణ్ణి పలకరించాలి కదా అని "ఊట ఆయ్తా అమ్మా?" అన్నారు, భోజనమైందా అని. అత్తయ్య గబుక్కున లేచింది. "అయ్యో, దానికంత మొహమాటమేంటి బాబూ" అంటూ లోపలికెళ్ళి, ఆవకాయ జాడీ వంచి గిన్నెడు ఊట తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఎర్రటి నూనె, పైన తేలుతున్న ఆవపిండి. బాసు గిన్నెవైపు చూశారు, నావైపు చూశారు. "మధ్యాహ్నం అన్నం ఎక్కువ తిన్నానని శిక్షా?" అన్నారు. మర్నాడు పొద్దున వేడన్నంలో ఆ ఊట కలుపుకొని, నెయ్యి వేసి పెట్టాక మాత్రం ఆయన ఏ భాషలోనూ 'చాలు' అనలేదు.

అసలు యుద్ధం రెండో రోజు మధ్యాహ్నం. బావ రేవుకెళ్ళి పండుగప్ప తెచ్చాడు. అత్తయ్య మట్టి దాకలో చింతపండు పిండి, పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, గరిట పెట్టకుండా దాకనే పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. బాసు వంటింటి గడప దగ్గర నిలబడి, నా చేత అడిగించారు, కొబ్బరి ఎప్పుడు వేస్తారని.

"దేన్లో?"

"చేపల్లో."

అత్తయ్య దాక దింపేసింది. చేపల పులుసులో కొబ్బరా! వాళ్ళ తీరంలో మీన్ గస్సికి కొబ్బరి రుబ్బకపోతే కూరే కాదన్నారు ఆయన. కొబ్బరి చట్నీకి, దేవుడికి అంది ఆవిడ. నేను రెండు తీరాల మధ్య దుబాసీని. ఇద్దరి మాటలూ కాస్త పంచదార కలిపి అటూ ఇటూ చేరవేశాను. చివరికి ఆయన తమ బంగుడె చేపని రంగంలోకి దించారు. అంత రుచి మీ సముద్రంలో లేదు పొమ్మన్నారు. అది నాకు కలిసొచ్చింది. ఫోనులో బంగుడెకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు చూపించాను: రాస్ట్రెల్లిగర్ కానగుర్త. ప్యాట్రిక్ రస్సెల్ అనే దొర విశాఖపట్నం రేవులో మన జాలర్లని అడిగి చేపల పేర్లు రాసుకుని 1803లో పుస్తకం వేశాడు. అందులోని తెలుగు పేరునే తీసుకుని క్యువియే అనే ఫ్రెంచి పండితుడు 1816లో ఆ చేపకి ఖాయం చేశాడు. అంటే సార్, మీ బంగుడె ప్రపంచంలో ఎక్కడ ఈదినా ఇంటిపేరు లాటినే గాని, సొంత పేరు తెలుగు. బాసు చాలాసేపు ఆ ఫోనే చూశారు. తర్వాత కొబ్బరి ఊసెత్తకుండా పులుసు మూడుసార్లు పోయించుకున్నారు. మర్నాటికైతే ఇంకా బావుంటుందని అత్తయ్య చెబితే, మర్నాటికి అందులో ఏమీ మిగల్లేదు.

మూడో రోజు తెల్లవారుజామున, అత్తయ్య ముగ్గు వేసుకుంటుండగా, దొడ్డిదారిన పారిపోయాం. సందు దొరికింది. గేదె ఉంది. నెమరు వేస్తోంది కాబట్టి హోటలు తెరిచినట్టే. లోపల ఒక ముసలావిడ, కట్టెల పొయ్యి, నల్లటి ఇనప మూకుడు. మినప్పిండి, బియ్యం రవ్వ కలిపి నానేసిన పిండిని అరచేయంత మందాన పోసి మూత పెట్టింది. మూత మీద నిప్పులు ఎగదోసింది. దర్శినిలో నాలుగు నిమిషాలకి అలవాటు పడ్డ బాసు ఐదో నిమిషంలో గడియారం చూశారు. పదో నిమిషంలో మళ్ళీ చూశారు. "తొందరపడితే నడుమ పిండిగా ఉంటదండీ, ఆయ్" అందావిడ, తల తిప్పకుండానే. ఇరవై నిమిషాలకి మూత తీసింది. పైన ఎర్రగా కరకర, లోపల దూది. తేనెపానకంలో ముంచి మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, బాసు ఆ గేదెకి నమస్కారం పెట్టారు.

మధ్యాహ్నం సుబ్బయ్యగారి హోటలు. ఇప్పుడు హైదరాబాదులో కూడా ఉంది, బుట్ట భోజనం పేరుతో పార్సిల్ కడతారు. అత్తయ్య చెయ్యి తప్పించుకున్నాం కదా, హోటల్లో అడిగినంతే పెడతారని బాసు ధైర్యంగా కూర్చున్నారు. వడ్డించేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తినండి తినండంటూ బతిమాలుతున్నారు. "వీళ్ళు కూడా మీ చుట్టాలేనా?" అన్నారాయన నీరసంగా.

ఆఖరున కాజా. ఇక్కడ పాఠకులకి ఒక హెచ్చరిక. తాపేశ్వరం కాజా మడత కాజా, దాన్ని కొరుక్కు తినొచ్చు. కాకినాడది గొట్టం కాజా, లోపలంతా పాకం. దాన్ని మొత్తంగా నోట్లో వేసుకుని, పెదాలు మూసి, అప్పుడు కొరకాలి. ఈ మాట నేను చెప్పేలోపే బాసు సగానికి కొరికారు. పాకం పిచికారీలా లేచి, పెళ్ళికని కుట్టించిన పట్టు చొక్కా మీద జేబు నుంచి మెడదాకా పడింది. పెళ్ళిలో ఫొటోలన్నిట్లోనూ ఆయన చేతులు కట్టుకునే ఉన్నారు.

బయల్దేరే ముందు ఒక్కణ్ణే సినిమా రోడ్డు పక్క సందుకి వెళ్ళాను. నాన్నా నేనూ ఎదురుపడ్డ హోటలు లేదు. ఆ చోట అద్దాల బీరువాలు, పైన బోర్డు: 'బెంగళూరు అయ్యంగార్ బేకరీ'. కౌంటరు వెనక ఇరవై ఏళ్ళ కుర్రాడు. వచ్చీరాని తెలుగులో ఏం కావాలన్నాడు. కన్నడంలో జవాబిచ్చేసరికి వాడి ముఖం విచ్చుకుంది. వాడిది హాసన్ దగ్గర పల్లెటూరట. వచ్చి ఆర్నెల్లయిందట. ఖారా బన్ను కాగితంలో చుట్టి ఇస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, ఈ ఊళ్ళో మంచి ఊట ఎక్కడ దొరుకుతుంది?"

ఆ కాగితం మీదే మసీదు సెంటరు నుంచి గీత గీసి, ఎడంపక్క సందు చూపించాను. బోర్డుండదని, గేదెని చూసుకోమని చెప్పాను.